నిక్లాస్, టైగర్, హోగన్: కాలాలు వేరైనప్పుడు గోల్ఫ్‌లో అందరికన్నా గొప్పవాడెవరో ఎట్లా తేల్చాలి?

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)

18 పెద్దదా, 15 పెద్దదా అంటే ఒకటో తరగతి పిల్లవాడు కూడా చెప్తాడు. జాక్ నిక్లాస్ 18 మేజర్లు గెలిచాడు. టైగర్ వుడ్స్ 15 గెలిచాడు. లెక్క అంతటితో అయిపోతే ఈ చర్చ పెట్టే పనే లేదు. కానీ నిక్లాస్ మొదటి మేజర్ 1962లో, టైగర్ 15వ మేజర్ 2019లో. మధ్యలో 57 ఏళ్లు. కర్ర మారింది, బంతి మారింది, గడ్డి మారింది, ఎదురుగా నిలబడే మనుషులు మారారు. అట్లాంటప్పుడు ఇద్దరినీ ఒకే తక్కెడలో ఎట్లా వేయాలి?

నేను సర్కారు బడిలో పీఈటీని. పిల్లలకు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నేర్పుతాను. గోల్ఫ్ కర్ర నా చేతికి ఒక్కసారే వచ్చింది. కానీ 2000 జూన్‌లో ఒక ఫ్రెండ్ గదిలో కేబుల్ టీవీలో ఈ ఆట చూసిన రాత్రి నుంచి దాన్ని వదల్లేదు. 2025 ఏప్రిల్‌లో రోరీ మెకల్‌రాయ్ మాస్టర్స్ గెలిచి, నాలుగు రకాల మేజర్లూ గెలిచిన ఆరో మగ ఆటగాడు అయినప్పుడు మా స్టాఫ్ రూమ్‌లో మొదలైన వాదన ఇంకా తెగలేదు. అందుకే ఇక్కడికి తెచ్చాను.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. మాస్టర్స్, పీజీఏ ఛాంపియన్‌షిప్, యూఎస్ ఓపెన్, బ్రిటన్‌లో జరిగే ఓపెన్, ఈ నాలుగే మేజర్లు. నాలుగు రోజులు, 72 గుంతలు. ఎవరు తక్కువ స్ట్రోకుల్లో, అంటే కర్రతో తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్లదే గెలుపు.

నా ఓటు నిక్లాస్‌కు. 18 గెలుపులు ఒక్కటే కాదు, 19 సార్లు రెండో స్థానం కూడా ఉంది. అంటే 37 మేజర్లలో ఆయన మొదటివాడో రెండోవాడో అయ్యాడు. 22 ఏళ్ల వయసులో మొదటిది గెలిచాడు. 1986 మాస్టర్స్‌లో చివరి తొమ్మిది గుంతలు 30 స్ట్రోకుల్లో ముగించి గెలిచినప్పుడు ఆయనకు 46 ఏళ్లు. అంతకాలం ఆకలి చావకుండా ఉండటమే నాకు అన్నిటికన్నా పెద్ద గొప్పతనం. కాదంటే చెప్పండి, కారణంతో చెప్పండి.


గడియారం సెంటర్ (నల్గొండ)

సార్, మీరు 2000 జూన్‌లో టీవీలో చూసింది ఏమిటో మీకే గుర్తు చేయాల్సి వస్తోంది. అది పెబుల్ బీచ్‌లో జరిగిన యూఎస్ ఓపెన్. మంచి ఆటగాడు ఒక గుంతను గానీ మొత్తం గ్రౌండ్‌ను గానీ ఇన్ని స్ట్రోకుల్లో ముగించాలి అని పెట్టిన లెక్కే పార్. టైగర్ పార్‌కు 12 తక్కువలో ముగించాడు. రెండో స్థానంలో ఉన్న ఎర్నీ ఎల్స్, మిగెల్ ఏంజెల్ హిమెనెజ్ ఇద్దరూ పార్‌కు 3 ఎక్కువ. తేడా 15 స్ట్రోకులు. ఆ వారం టైగర్ తప్ప పార్‌కు తక్కువలో ముగించినవాడు ఒక్కడు లేడు.

తర్వాతి నెలలోనే సెయింట్ ఆండ్రూస్‌లో ఓపెన్ 8 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఆగస్టులో పీజీఏ. తర్వాతి ఏప్రిల్‌లో మాస్టర్స్. నాలుగు మేజర్ ట్రోఫీలూ ఒకేసారి ఒకే ఇంట్లో ఉన్నాయి. నిక్లాస్‌కు ఆ రోజు ఎప్పుడూ రాలేదు.

ఇంకోటి. రెండు రోజుల ఆట తర్వాత వెనకబడినవాళ్లను ఇంటికి పంపించేస్తారు, దాన్నే కట్ అంటారు. టైగర్ 1998 నుంచి 2005 దాకా వరుసగా 142 టోర్నీల్లో కట్ దాటాడు. జ్వరం వచ్చిన రోజు ఉండదా, నడుము పట్టిన రోజు ఉండదా, మనసు బాగాలేని రోజు ఉండదా? ఏడేళ్లు ఒక్కసారి కూడా తప్పలేదు.


నడిగడ్డ (గద్వాల)

నాకు గోల్ఫ్ కొంచెమే తెలుసు. కానీ వేర్వేరు కాలాల ఆటను పోల్చడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. మా వైపు జాతరలకు బండలాగుడు పోటీలు పెడతారు. ఎడ్ల జతలను పళ్ల లెక్కన విభాగాలు చేస్తారు, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆ పైన సీనియర్లు. బండ బరువు ఖాయం, టైమ్ ఖాయం. ఆ టైమ్‌లో ఎంత దూరం లాగితే అంత.

మా నాయన ఒకసారి రచ్చబండ దగ్గర తన జత గురించి గర్వంగా చెప్పుకున్నాడు, ఇన్ని వేల అడుగులు లాగింది అని. పక్కన కూర్చున్న ముసలాయన ఒక్కమాట మెచ్చుకోలేదు. ముందు అడిగింది: బండ ఎంత? తర్వాత: నేల గరుసా, నల్లరేగడా? ముందు రోజు వాన పడ్డదా? ఆ తర్వాత నాయన కళ్లలోకి చూసి అడిగాడు: నీ తర్వాత వచ్చిన జత ఎంత లాగింది? నాయన చెప్పాడు. అప్పుడు ఆయన తల ఊపి, 'అయితే మంచి జతే' అన్నాడు.

ఆ చివరి ప్రశ్న నాకు అప్పటి నుంచి మెదడులో ఉండిపోయింది. 1950లో ఒకడు కొట్టిన స్కోరుకూ 2000లో ఒకడు కొట్టిన స్కోరుకూ పోలిక లేదు, నేల వేరు, బండ వేరు. కానీ ఆ రోజు, ఆ నేల మీద, పక్కవాడికన్నా ఎంత ముందున్నాడు అనేది ఏ కాలంలోనైనా అడగవచ్చు. ఆ లెక్కన గడియారం తమ్ముడు చెప్పిన 15 స్ట్రోకుల తేడా చాలా పెద్ద మాట. కానీ ముసలాయన అడగాల్సిన ఇంకో ప్రశ్న కూడా ఉంది. మొత్తం ఎన్ని జతలు దిగాయి?


కొల్లాపూర్ మామిడి

నా వయసు 71. మీ ఇద్దరి వాదన చదివాను. బెన్ హోగన్ పేరు శీర్షికలో పెట్టి లోపల ఒక్క ముక్క రాయకపోవడం నాకు బాధగా ఉంది.

1949 ఫిబ్రవరి 2. టెక్సాస్‌లో పొగమంచు. హోగన్ కారు నడుపుతున్నాడు, పక్కన భార్య వ్యాలరీ. ఎదురుగా ఒక బస్సు రోడ్డు దాటి వీళ్ల వైపుకి వచ్చేసింది. ఆయన స్టీరింగ్ వదిలి భార్య మీదికి వంగి అడ్డం పడ్డాడు. స్టీరింగ్ రాడ్డు డ్రైవర్ సీటులోంచి దూసుకుపోయింది. ఆమె కోసం పక్కకు వంగినందుకే ఆయన బతికాడు. కటి ఎముక విరిగింది, మెడ దగ్గరి ఎముక విరిగింది, చీలమండ విరిగింది. తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టింది. మళ్లీ నడవటమే కష్టమన్నారు.

పదహారు నెలల తర్వాత, 1950లో మెరియన్‌లో యూఎస్ ఓపెన్. అప్పట్లో చివరి రోజు 36 గుంతలు ఒకే రోజు నడవాలి. కాళ్లకు పట్టీలు చుట్టుకుని నడిచాడు. ముగ్గురు సమానంగా నిలిచారు, మరుసటి రోజు ఇంకో 18 గుంతలు. గెలిచాడు.

1953లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, స్కాట్లాండ్‌లోని కార్నూస్టీలో జరిగిన ఓపెన్ మూడూ గెలిచాడు. నాలుగోది పీజీఏ. దాని తేదీలూ ఓపెన్ తేదీలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి కాబట్టి ఆడే వీలే లేదు. జీవితంలో ఒక్కసారే ఓపెన్‌కు వెళ్లాడు, వెళ్లిన ఆ ఒక్కసారీ గెలిచాడు.

ఆయనవి 9 మేజర్లే అంటారు. 1943 నుంచి 1945 దాకా మాస్టర్స్ జరగలేదు. 1942 నుంచి 1945 దాకా యూఎస్ ఓపెన్ లేదు. 1940 నుంచి 1945 దాకా బ్రిటిష్ ఓపెన్ లేదు. యుద్ధం. హోగన్ పుట్టింది 1912లో. ముప్పై ఏళ్ల వయసు, ఒంట్లో సత్తువ ఉన్న కాలం అంతా యుద్ధం తిన్నది. ఆ ఏళ్లను ఆయన ఖాతాలో సున్నా అని రాసి, టైగర్ ఖాతా పక్కన పెట్టి ఇది తక్కువ అనడం న్యాయమేనా?


గడియారం సెంటర్

పెద్దాయనా, హోగన్ కథకు దండం పెడతాను. కానీ టైగర్ కూడా 2008 యూఎస్ ఓపెన్‌ను విరిగిన కాలి ఎముకతో గెలిచాడు. 72 గుంతలు, సమానం అయితే ఇంకో 18, అదీ సమానం అయితే ఇంకోటి. మొత్తం 91 గుంతలు. నడుముకు ఎన్నో ఆపరేషన్లు అయ్యాక 2019లో 43 ఏళ్ల వయసులో మాస్టర్స్ గెలిచాడు. బాధ పడటంలో కూడా ఆయన వెనకబడలేదు.

ఇక 1860లు, 1920లు అని ఎవరైనా మొదలుపెడితే దాన్ని ఊరి పోటీ అనే అంటాను. ఎనిమిది మంది ఆడితే అందులో గెలవడం గొప్ప ఏంది?


పచ్చిక పని (అచ్చంపేట వైపు, ఇప్పుడు హైదరాబాద్)

తమ్మీ, ఆ మాట వెనక్కి తీసుకుంటావని ఇది రాస్తున్నాను.

నేను పదిహేడేళ్ల వయసులో మట్టి పనికి ఊరు దాటినవాణ్ణి. పాలమూరు లేబర్ అంటే మీకు చెప్పక్కర్లేదు. రోడ్ల మీద, కాలువల మీద నాలుగేళ్లు తిరిగాక ఒక మేస్త్రీ నన్ను సిటీలో ఒక గోల్ఫ్ గ్రౌండ్‌కు గడ్డి పనికి పంపాడు. ఇరవై ఆరేళ్లు అయింది. కొన్నాళ్లు కేడీగా, అంటే ఆటగాళ్ల వెంట నడుస్తూ వాళ్ల కర్రల బ్యాగులు మోశాను, మళ్లీ గడ్డికే వచ్చాను. నాకు గడ్డి పనే ఇష్టం.

పొద్దున నాలుగున్నరకు గ్రీన్ మీదికి వెళ్తాం. గ్రీన్ అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక. మంచు పడి తెల్లగా ఉంటుంది. ముందు పొడవాటి కర్రతో మంచు దులపాలి, లేకపోతే మెషిన్ కింద గడ్డి తడిసి ముద్దలు కడుతుంది. తర్వాత మెషిన్‌తో ఒక వరుస అటు, ఒక వరుస ఇటు. నాలుగు మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. బ్లేడు ఒక వైపు ఒక్క వెంట్రుకవాసి కిందికి ఉన్నా మధ్యాహ్నానికి ఆ వరుస ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది. అరచేత్తో గ్రీన్ నిమిరి చూస్తే గడ్డి ఏ వైపు పడుకుందో తెలుస్తుంది. అటు కొడితే బంతి జారుతుంది, ఇటు కొడితే ఆగుతుంది.

ఎందుకు చెప్తున్నానంటే, మీరు ఆటగాళ్లను పోలుస్తున్నారు కానీ నేలను పోల్చడం లేదు. గ్రీన్ ఎంత జారుడుగా ఉందో కొలవడానికి స్టింప్‌మీటర్ అని ఒక పట్టీ ఉంది. దాన్ని వాలుగా ఎత్తితే బంతి దొర్లి ఎన్ని అడుగులు పోతుందో చూస్తారు. 1970ల చివర్లో అమెరికాలో ఎన్నో గ్రౌండ్లలో కొలిస్తే సగటున ఆరున్నర అడుగులు వచ్చింది. ఇప్పుడు పెద్ద టోర్నీల్లో పన్నెండు దాకా పెడుతున్నారు. గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించడాన్నే పుట్ అంటారు. టైగర్ పుట్ చేసింది అద్దం మీద. పాతవాళ్లు పుట్ చేసింది చాప మీద. రెండూ కష్టమే, కష్టం వేరు. అద్దం మీద చేయి వణకకూడదు. చాప మీద బంతిని గట్టిగా కొట్టాలి, అయినా గీత తప్పకూడదు.

ఇప్పుడు ఆ ఎనిమిది మంది సంగతి. ఓపెన్ 1860లో స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో మొదలైంది. నిజమే, ఎనిమిది మందే ఆడారు. పన్నెండు గుంతల గ్రౌండ్, ఒకే రోజు మూడు రౌండ్లు. 1862లో టామ్ మోరిస్ రెండోవాడి కన్నా 13 స్ట్రోకులు ముందు గెలిచాడు. ఆ రికార్డు 138 ఏళ్లు నిలిచింది. దాన్ని బద్దలు కొట్టింది నీ టైగరే, నువ్వు చెప్పిన ఆ పెబుల్ బీచ్‌లోనే.

ఆ టామ్ మోరిస్ పని ఏమిటో తెలుసా? గడ్డి పని. ప్రెస్ట్‌విక్‌లో, తర్వాత సెయింట్ ఆండ్రూస్‌లో గ్రౌండ్ కాపలా, గ్రీన్ల పోషణ ఆయనదే. గడ్డి మీద ఇసుక చల్లితే పచ్చిక గట్టిపడుతుందని చూపించినవాడుగా ఆయన్నే చెప్పుకుంటారు. మేం ఇవాళ్టికీ అదే పని చేస్తున్నాం. నాలుగుసార్లు ఓపెన్ గెలిచాడు, చివరిసారి 1867లో 46 ఏళ్ల వయసులో. ఓపెన్ గెలిచినవాళ్లలో ఇంతవరకు ఆయనకన్నా పెద్ద వయసువాడు లేడు. మరుసటి ఏడాది ఆయన కొడుకు పదిహేడేళ్లకే గెలిచాడు. ఇంతవరకు అతనికన్నా చిన్నవాడూ లేడు.

అది ఊరి పోటీ అని నువ్వంటే అను. తేడా ఎంత అని చూసుకో.


గడియారం సెంటర్

అన్నా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తొందరపడ్డాను. 13 స్ట్రోకుల సంగతి నాకు తెలియదు.


మోకు ముస్తాదు (చౌటుప్పల్)

పనిముట్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

మా తాత, మా నాయన ఇద్దరూ గీత కార్మికులే. నాయన నడుము చుట్టూ మోకు రాసుకుని రాసుకుని నల్లటి కాయ కాసింది. చిన్నప్పుడు దాని మీద వేలు పెడితే రాయిలాగా ఉండేది. ఆ మోకు తెగితే అంతే. మా బంధువుల్లో చెట్టు మీంచి పడి లేవనివాళ్లున్నారు. 2024లో సర్కారు కాటమయ్య రక్షణ కవచం అని కొత్త కిట్ తెచ్చింది. కాలు జారినా మనిషి చెట్టుకే వేలాడతాడు. ఇప్పుడు కిట్‌తో ఎక్కే మా తమ్ముడు రోజుకు నాయన కన్నా ఎక్కువ చెట్లు ఎక్కితే తమ్ముడే గొప్పవాడా? అట్లని తమ్ముడు కిట్ వేసుకున్నాడు కాబట్టి పనిమంతుడు కాదా? రెండూ తప్పే. చెట్టు ఎత్తు అదే. కల్లు కారాలంటే గెలను గీసే చేతివాటం అదే. మారింది భయం ఒక్కటే.

గోల్ఫ్‌లో కూడా అంతే. బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే కర్రను డ్రైవర్ అంటారు, ఆ దెబ్బను డ్రైవ్ అంటారు. నిక్లాస్ కాలంలో ఆ డ్రైవర్ తల చెక్కది. బంతి పైపొర మెత్తటి బలాటా, సరిగ్గా తగలకపోతే కోసుకుపోయేది. 1980లో అమెరికా టూర్‌లో డ్రైవ్ సగటు 257 గజాల దగ్గర ఉంటే ఇప్పుడు 300 దగ్గరికి వచ్చింది. మనుషులు బలపడ్డారు, నిజమే. కానీ టైటానియం తల, గట్టి గుజ్జు బంతి లేకుండా ఇంత తేడా రాదు. మాస్టర్స్ జరిగే అగస్టా గ్రౌండ్ 1997లో 6,925 గజాలు, ఇప్పుడు 7,500 దాటింది. బంతి దూరం పోతోందని నేలనే సాగదీశారు.

అందుకే గజాలు, స్కోర్లు పక్కన పెట్టి నడిగడ్డ అన్న చెప్పిన కొలతే పట్టుకుందాం. దానికి నేను ఒకటి కలుపుతాను. ఆ పనిముట్టుతో తప్పు చేస్తే ఎంత శిక్ష పడేది? చెక్క డ్రైవర్‌తో అర అంగుళం పక్కకు తగిలితే బంతి చెట్లల్లోకే. అట్లాంటి కర్రతో ఇరవై ఏళ్లకు పైగా మేజర్లు గెలవడం చిన్న విషయం కాదు. ఆ ఒక్క కారణంతో నా ఓటు నిక్లాస్‌కు.


మూసీ గట్టు (నకిరేకల్)

ఇంతసేపు చదివాను. అందరూ మగవాళ్లే. 'అందరికన్నా గొప్పవాడు' అని శీర్షిక పెట్టినప్పుడే సగం మందిని గేటు బయట నిలబెట్టారు.

మికీ రైట్ 13 మేజర్లు గెలిచింది. ఆడవాళ్ల ప్రొఫెషనల్ టూర్ అయిన ఎల్‌పీజీఏలో 82 టైటిళ్లు. ఒక్క 1963లోనే 13 టోర్నీలు. 1961, 62 మధ్యలో నాలుగు మేజర్లూ ఒకేసారి ఆమె దగ్గరే ఉన్నాయి. ఇందాక గడియారం తమ్ముడు టైగర్ గురించి గొప్పగా చెప్పిన సంగతే ఇది, ఆయన పుట్టకముందే ఒక ఆడమనిషి చేసి చూపించింది. తాను చూసినవాటిలో ఆమె స్వింగే అన్నిటికన్నా మంచిదని పెద్దాయన మెచ్చుకునే బెన్ హోగనే అన్నాడు.

బేబ్ జహారియస్ 1932 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు, ఒక వెండి పతకం తెచ్చింది, పరుగులో, ఈటె విసరడంలో, హైజంప్‌లో. తర్వాత గోల్ఫ్‌కు వచ్చి 10 మేజర్లు గెలిచింది. క్యాన్సర్ ఆపరేషన్ అయిన మరుసటి ఏడాది, 1954లో, యూఎస్ విమెన్స్ ఓపెన్‌ను 12 స్ట్రోకుల తేడాతో గెలిచింది. నడిగడ్డ అన్నా, మీ కొలతలో ఇది ఎంత తూగుతుందో చూడండి.

నేను స్టాటిస్టిక్స్ చెప్తాను కాబట్టి లెక్క గురించి కూడా ఒక మాట. మేజర్ అనేదే కదిలే కొలత. ఆడవాళ్ల మేజర్ల జాబితా ఎన్నిసార్లు మారిందో. మికీ రైట్ గెలిచిన టైటిల్‌హోల్డర్స్, వెస్టర్న్ ఓపెన్ ఇప్పుడు లేనే లేవు. మగవాళ్లలో కూడా బాబీ జోన్స్ 1930లో గెలిచిన నాలుగింటిలో రెండు అమెచ్యూర్ టోర్నీలు, అంటే డబ్బు కోసం కాకుండా ఆడేవాళ్లవి, అప్పుడు అవే మేజర్లు. ఆయన 28 ఏళ్లకే ఆట ఆపేశాడు. నిక్లాస్ రెండు యూఎస్ అమెచ్యూర్లు కూడా కలిపి ఒకప్పుడు ఆయనవి 20 అని లెక్కేసేవాళ్లు. మాస్టర్స్ పుట్టిందే 1934లో. అందరినీ 18 అనే గీతతో కొలిస్తే, ఆ గీత గీయకముందు ఆడినవాళ్లు ఏం కావాలి?

తేడాను కొలవడం మంచి పద్ధతే. కానీ పోటీలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో నిజంగా గెలవగలిగినవాళ్లు ఎంతమంది అనేది తెలియకుండా ఆ తేడాకు విలువ కట్టలేం. ఎనిమిది మందిలో 13, నూట యాభై మందిలో 15 ఒకటి కాదు. నా లెక్కలో 2000 నాటి టైగర్ ఆట ఎవరి ఆటకన్నా ఎత్తులో ఉంది. ఆడవాళ్లలో మికీ రైట్. ఇద్దరినీ పక్కపక్కనే పెడతాను, ఒకరి వెనక ఒకరిని కాదు.


పచ్చిక పని

మూసీ అక్క అడిగిన ప్రశ్న, పోటీలో ఎవరున్నారు అని. నా మనసులో ఎప్పటి నుంచో ఉన్నది అదే, కానీ తిప్పి అడుగుతాను. పోటీలోకి ఎవరిని రానివ్వలేదు?

అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం పీజీఏ నిబంధనల్లో తెల్లవాళ్లకే సభ్యత్వం అని రాసి ఉండేది. దాన్ని తీసేసింది 1961లో. చార్లీ సిఫర్డ్ చిన్నప్పుడు కేడీ. బ్యాగులు మోస్తూ ఆట నేర్చాడు. తలుపు తెరిచేసరికి ఆయనకు 39 ఏళ్లు. అయినా 1967లో హార్ట్‌ఫర్డ్‌లో, 1969లో లాస్ ఏంజెలెస్‌లో గెలిచాడు. మాస్టర్స్‌కు ఆయన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. మాస్టర్స్ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్, 1975లో. అదే మాస్టర్స్‌లో 1982 దాకా అందరి బ్యాగులూ మోసింది మాత్రం ఆ క్లబ్బు నల్లజాతి కేడీలే. నిక్లాస్ గెలిచిన మొదటి ఐదు మాస్టర్స్‌లో పక్కన నడిచినవాడు విల్లీ పీటర్సన్ అనే కేడీ. గ్రీన్ ఏ వైపు వాలిందో తెలిసినవాళ్లు వాళ్లు. కర్ర పట్టే అవకాశం మాత్రం వాళ్లది కాదు.

నేను కేడీగా ఉన్నప్పుడు ఒక చోట మాకు సోమవారం పొద్దున మాత్రమే ఆడనిచ్చేవాళ్లు. ఒక కొత్త మేనేజర్ వచ్చి అది కూడా ఆపేశాడు. మాతో ఉన్న ఒక పిల్లవాడు, వనపర్తి దగ్గరివాడు, పాత ఐదో నంబర్ ఐరన్ (లోహపు తల ఉన్న కర్ర) ఒక్కదానితో ఎక్కడ పెట్టమంటే అక్కడ బంతి పెట్టేవాడు. సోమవారాలు ఆగిపోయాక రెండు నెలలు చూసి సెంట్రింగ్ పనికి వెళ్లిపోయాడు. అతను ఛాంపియన్ అయ్యేవాడని నేను అనను. కానీ అయ్యేవాడో కాదో ఇక ఎవరికీ తెలియదు.

కలకత్తాలో ఎస్‌ఎస్‌పీ చౌరాసియా నాన్న మాలాగే గ్రీన్‌కీపర్. ఆ అబ్బాయి అక్కడే పెరిగి, 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు, తర్వాత 2016, 2017లో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఢిల్లీ కేడీల్లోంచి వచ్చిన అలీ షేర్ 1991లోనే ఇండియన్ ఓపెన్ గెలిచాడు. కాబట్టి గేటు తెరిస్తే వస్తారు.

టైగర్‌ను నేను అందుకే ఎక్కువ గౌరవిస్తాను. సిఫర్డ్‌ను తాతలాగా చూసుకున్నాడు, కొడుక్కి చార్లీ అని ఆయన పేరే పెట్టుకున్నాడు. ఆయన ఆడింది గేటు తెరిచిన తర్వాతి పోటీ. ఆఫ్రికా నుంచి, ఫిజీ నుంచి, స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లందరినీ ఓడించాడు.


మోకు ముస్తాదు

అన్నా, ఇది చదివాక నా ఓటు గురించి మళ్లీ ఆలోచిస్తున్నాను. నిక్లాస్ తప్పేం లేదు. కానీ ఆయన మొదట్లో గెలిచిన పోటీలో సగం తలుపు మూసే ఉంది.


కొల్లాపూర్ మామిడి

ఆ లెక్కన హోగన్‌ది పూర్తిగా మూసిన తలుపు. ఒప్పుకుంటున్నాను. అయినా బస్సు కింద నలిగిన కాళ్లతో నడిచిన ఆ 36 గుంతలను నా మనసులోంచి ఎవరూ తీయలేరు.


గడియారం సెంటర్

నిక్లాస్ వైపు వాళ్లు ఎప్పుడూ చెప్పే ఒక వాదన ఉంది, ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తి జవాబు చెప్తాను. నిక్లాస్‌కు ఎదురుగా ఉన్నవాళ్లు పెద్దవాళ్లు: గ్యారీ ప్లేయర్ 9 మేజర్లు, టామ్ వాట్సన్ 8, ఆర్నాల్డ్ పామర్ 7, లీ ట్రెవినో 6. టైగర్‌కు ఎదురుగా మికెల్‌సన్ 6, ఎల్స్ 4, విజయ్ సింగ్ 3. కాబట్టి టైగర్ పోటీ బలహీనం అంటారు. కానీ ఒకే బావి నుంచి అందరూ నీళ్లు తోడుతున్నప్పుడు ఒకడు పదిహేను బిందెలు పట్టుకుపోతే మిగతావాళ్ల బిందెలు ఖాళీగానే కనిపిస్తాయి. అది వాళ్ల చేతకానితనం కాదు. టైగర్ లేకపోతే ఎల్స్‌కు ఎన్ని ఉండేవో లెక్కేయండి.


నడిగడ్డ

ఇది మంచి మాట తమ్మీ. మా దగ్గర కూడా ఒక జత పదేళ్లు అన్ని జాతరలూ గెలిస్తే, ఆ పదేళ్లలో మంచి ఎడ్లే లేవని తర్వాత పుట్టినవాళ్లు అంటారు. ఉన్నాయి. మేం చూశాం.


పిల్లలమర్రి నీడ

మూసీ అక్క అన్నది నిజం. 'గొప్పవాడు' అని రాసినప్పుడు ఆడవాళ్లు నా తలలో లేరు. శీర్షిక ఇప్పుడు మార్చలేను, తప్పు మాత్రం నాదే.

నేను రెండు రోజులుగా ఒక పని చేశాను. నిక్లాస్‌ను, టైగర్‌ను ఒకే నేల మీద నిలబెట్టడానికి పెబుల్ బీచ్ తీసుకున్నాను. నిక్లాస్ 1972లో అక్కడే యూఎస్ ఓపెన్ గెలిచాడు. 290 స్ట్రోకులు, పార్‌కు 2 ఎక్కువ, రెండోవాడి కన్నా 3 ముందు. ఆఖరి రోజు గాలిలో 17వ గుంత దగ్గర వన్ ఐరన్‌తో కొట్టిన బంతి జెండా కర్రకు తగిలి గుంత పక్కనే ఆగింది. ఆ షాట్ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. టైగర్ అదే చోట 28 ఏళ్ల తర్వాత 272, తేడా 15. 272, 290 పక్కపక్కన పెట్టను, గడ్డి అన్న చెప్పింది అర్థమైంది. 3, 15 మాత్రం పక్కపక్కన పెట్టగలను.

ఇంకోటి కనిపించింది. ఆ 2000 యూఎస్ ఓపెన్‌లోనే నిక్లాస్ కూడా ఆడాడు, 60 ఏళ్ల వయసులో, ఆయనకు అదే చివరి యూఎస్ ఓపెన్. కట్ దాటలేదు. కానీ వెళ్లిపోయే ముందు చివరి గుంత, సముద్రం పక్కన ఉన్న ఆ పార్ ఐదును, రెండే షాట్లలో గ్రీన్ మీదికి చేర్చాడు. అంటే నేను మొదటిసారి టీవీ ముందు కూర్చున్న ఆ వారమే రెండు కాలాలూ ఒకే గడ్డి మీద నడిచాయి. ఆ రాత్రి అది నాకు తెలియదు.

నా ఓటు మారుస్తున్నాను. ఎత్తు కొలిస్తే టైగర్. 1999 నుంచి 2002 దాకా ఆయన ఆడిన ఆటకు సాటి ఏ కాలంలోనూ నాకు కనిపించడం లేదు. బైరన్ నెల్సన్ 1945లో వరుసగా 11 టోర్నీలు గెలిచాడు, అదొక్కటే దగ్గరికి వస్తుంది, అది కూడా యుద్ధం చివరి ఏడాది. ఆయుష్షు కొలిస్తే నిక్లాస్, దాన్ని ఎవరికీ ఇవ్వను. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే ఎత్తు వైపే పోతాను. బడిలో కూడా హైజంప్ పిల్లవాడు ఎన్నేళ్లు దూకాడని కాదు కదా నేను రాసుకునేది.


మూసీ గట్టు

సార్, థ్యాంక్స్. మికీ రైట్, సోరెన్‌స్టామ్, పాటీ బర్గ్, కేథీ విట్‌వర్త్ మీద నేను వేరే చర్చ మొదలుపెడతాను. విట్‌వర్త్‌వి 88 టైటిళ్లు. అమెరికా టూర్లలో మగవాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ అన్ని గెలిచినవాళ్లు ఇంకొకరు లేరు. టోక్యోలో ఒక్క స్ట్రోకుతో పతకం తప్పిపోయిన మన అదితి అశోక్ గురించి కూడా అక్కడే రాద్దాం. పచ్చిక అన్నా, మీరు తప్పకుండా రావాలి.


నడిగడ్డ

పచ్చిక అన్నా, మీ ఓటు ఎవరికో మీరు ఇంకా చెప్పలేదు. టైగరా, ముసలి టామా?


పచ్చిక పని

ఓటు టైగర్‌కే. పోటీ పెద్దది, తేడా పెద్దది, గేటు తెరిచి ఉంది. ముసలి టామ్ మా వాడు, ఆయనకు ఓటు అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం మీ లెక్కల్లో రాలేదు. బంతి మారింది, కర్ర మారింది, గడ్డి మారింది అని మొదటి పోస్ట్‌లో సార్ రాశారు. గుంత మారలేదు. నాలుగుంపావు అంగుళాల వెడల్పు, 1891లో స్కాట్లాండ్ వాళ్లు ఖాయం చేసిన కొలత. జోన్స్‌కూ, హోగన్‌కూ, మికీ రైట్‌కూ, నిక్లాస్‌కూ, టైగర్‌కూ అదే. నేను రోజూ పొద్దున కోసేదీ అదే. పాత గుంతను మట్టి గడ్డతో మూసి, అడుగుతో తొక్కి, కొత్త చోట కట్టర్ దింపుతాం. అంచు చెదిరితే బంతి లోపలికి పోకుండా తిరిగి బయటికి వస్తుంది, అందుకే కట్టర్‌ను నిలువుగా, మెల్లగా తిప్పుతూ దింపాలి.

రేపు ఏడో గ్రీన్ మీద కొత్త గుంత వంతు నాది. కట్టర్ దింపిన వెంటనే, జెండా పెట్టకముందే ఫోటో తీసి ఇక్కడ పెడతాను.